ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లకు తొడ కండ తగ్గుతోందంటే అది ఆ జబ్బు వల్లేనా?

ప్రశ్న: తెనాలి కోడలు

అత్తయ్య గురించి అడుగుతున్నాను. వయసు 58, బరువు 60 కిలోలు. ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులుండే దీర్ఘకాలిక జబ్బు) అని మూడేళ్ల కిందట తేల్చారు. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. వాడుతున్న మందులు: మెట్‌ఫార్మిన్ 1000 ఎంజీ రోజుకు రెండుసార్లు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు అటార్వాస్టాటిన్ 20 ఎంజీ, నొప్పికి రాత్రి ప్రీగాబాలిన్ 75 ఎంజీ.

మెడ, భుజాలు, నడుము, తుంట్లలో నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి. కొత్తగా వచ్చింది ఏమిటంటే తొడలు సన్నబడటం. మోకాలి చిప్ప పై అంచుకు 15 సెం.మీ. పైన టేపు పెడితే ఎడమ తొడ 44.5, కుడి తొడ 42 సెం.మీ. వచ్చింది. నేల మీద కూర్చుంటే దేన్నైనా పట్టుకోకుండా లేవలేకపోతున్నారు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి 5 సార్లు లేచి కూర్చోవడానికి 19 సెకన్లు పడుతోంది. ఆరు నెలల కిందటి రిపోర్టుల్లో ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును చూపేది) 18, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ నార్మల్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 7.1. సీపీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), వైటమిన్ డి ఎప్పుడూ చేయించలేదు.

అడగదలచుకున్నవి మూడు. ఫైబ్రోమయాల్జియా కండను తినేస్తుందా? ఏ పరీక్షలు ముందు చేయించాలి? నొప్పి పెరగకుండా కాళ్లకు బలం తెచ్చే వ్యాయామం, తిండి ఎలా ఉండాలి?

---

జవాబు 1: నాడీకండరం

మొదటి ప్రశ్నకు జవాబు సూటిగా చెప్తాను. తినదు. ఫైబ్రోమయాల్జియా నొప్పిని ప్రాసెస్ చేసే వ్యవస్థలో వచ్చే తేడా. మెదడు, వెన్నుపాము నొప్పి సంకేతాలను పెంచి వినిపిస్తాయి. అందులో కండరం వాచదు, చావదు. కాబట్టి ఆ జబ్బు ఒక్కటే ఉన్న మనిషికి సీపీకే, ఈఎస్‌ఆర్, అలాగే వాపును చూపే సీఆర్‌పీ మామూలుగానే వస్తాయి. నొప్పికి భయపడి కదలిక తగ్గిస్తే వాడని కండ కరుగుతుంది, అది నిజమే. కానీ అలా కరిగేది రెండు కాళ్లలోనూ దాదాపు సమానంగా ఉంటుంది. మీరు రాసిన 2.5 సెం.మీ. తేడాను "ఒళ్లునొప్పుల జబ్బు కదా" అని వదిలేయకూడదు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. 2016లో సవరించిన ప్రమాణాల ప్రకారం వేరే జబ్బు ఉన్నా ఫైబ్రోమయాల్జియా ఉన్నట్టు నిర్ధారించవచ్చు. అంటే ఈ పేరు పెట్టినంత మాత్రాన మిగతావి లేవని అర్థం కాదు. మూడేళ్ల కిందటి ఆ ఒక్క మాట చూసి తర్వాత వచ్చిన ప్రతి లక్షణాన్నీ దాని ఖాతాలో వేసేయడం వల్లే అసలు కారణం దొరకడం ఆలస్యమవుతుంది.

"బలం లేదు" అనే మాట వెనక మూడు వేర్వేరు సంగతులు ఉంటాయి. ఒకటి నీరసం, రెండోది నొప్పి వల్ల బలం పెట్టలేకపోవడం, మూడోది నిజంగానే కండరం బలహీనపడటం. పరీక్షించేటప్పుడు మోకాలు చాపమని చెప్పి చేత్తో అడ్డం పెడితే, నొప్పి ఉన్నవాళ్లు ఒక్క క్షణం గట్టిగా తోసి ఠక్కున వదిలేస్తారు. నిజమైన బలహీనతలో ఆ కాలు మొదటి నుంచీ ఒకే తీరులో మెల్లగా లొంగిపోతుంది. టేపు కొలత కంటే ఈ తేడాయే ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు ఎక్కడ తగ్గిందో చూద్దాం. రెండు తొడలూ నెమ్మదిగా సన్నబడి, నేల మీంచి లేవడం, మెట్లు ఎక్కడం కష్టమైతే: వాడకం తగ్గడం, వైటమిన్ డి బాగా తగ్గి ఎముక మెత్తబడటం, థైరాయిడ్, స్టెరాయిడ్ వాడకం, స్టాటిన్, కండరాల వాపు. చివరిదాంట్లో సాధారణంగా నొప్పి కంటే బలహీనతే ముందుంటుంది, సీపీకే బాగా పెరుగుతుంది. ఒక తొడ మాత్రమే తగ్గితే: నడుము దగ్గర ఎల్3, ఎల్4 నరం నొక్కుకుపోవడం, ఆ వైపు మోకాలి అరుగుదల, లేదా షుగర్ వల్ల తొడ నరాల గుత్తికి వచ్చే జబ్బు. ఈ ఆఖరిది షుగర్ మరీ ఎక్కువ లేనివాళ్లలో కూడా వస్తుంది. మొదట ఒక తొడలో భరించలేని నొప్పి, కొన్ని వారాలకు బలహీనత, దాంతోపాటు బరువు తగ్గడం. మోకాలి కింద సుత్తితో కొడితే కాలు ఎగరదు. నెలల తరబడి నెమ్మదిగా కోలుకుంటుంది. మోకాలు నొప్పిగా, వాపుగా ఉంటే వేరే విషయం జరుగుతుంది: ఆ కీలు నుంచి వచ్చే సంకేతాలు తొడ ముందు కండరాన్ని వెన్నుపాము దగ్గరే ఆపేస్తాయి. మనిషి ఎంత ప్రయత్నించినా ఆ కండరం పూర్తిగా బిగుసుకోదు, అలాగే కరుగుతుంది.

మోకాలి కింద, అంటే పిక్క, పాదం బలహీనపడిందా అన్నదానికి ఒక చిన్న ప్రశ్న చాలు. నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారినట్టు తెలుస్తూ జారితే అది బలం తగ్గడం. జారిన సంగతి వెనక్కి చూస్తేగానీ తెలియకపోతే స్పర్శ పోయింది, షుగర్ నరాల జబ్బు వైపు చూడాలి.

మొదటి విడతలో చేయించాల్సిన పరీక్షలు: సీపీకే, 25 హైడ్రాక్సీ వైటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, టీఎస్‌హెచ్, బి12, క్రియాటినిన్, పొటాషియం, హెచ్‌బీఏ1సీ. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గే అవకాశం ఉంది, అది తప్పక చూడాలి. సీపీకే ఇచ్చే ముందు రెండు మూడు రోజులు బరువు పనులు వద్దు, కండకు ఇంజెక్షన్ వేయించుకోవద్దు. రెండూ ఆ అంకెను పెంచి అనవసరంగా కంగారు పెడతాయి. వైటమిన్ డి తక్కువ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ, కాల్షియం లేదా ఫాస్ఫరస్ తక్కువ వస్తే ఎముక మెత్తబడిందని గట్టిగా అనుమానించాలి. ఒళ్లునొప్పులు, తొడల బలహీనత, ఊగుతూ నడవడం, ఇవన్నీ ఫైబ్రోమయాల్జియా అనిపించేలాగే ఉంటాయి. పైగా అది మందుతో బాగయ్యే జబ్బు.

స్టాటిన్‌ను మీ అంతట మీరు ఆపకండి. షుగర్ ఉన్న మనిషికి గుండె కోసం ఇచ్చిన మందు అది. మొదలుపెట్టిన, లేదా డోసు పెంచిన కొద్ది వారాలు, నెలల్లోనే నొప్పులు పెరిగాయా అన్నది గుర్తుచేసుకుని డాక్టరుకు చెప్పండి. అవసరమనుకుంటే ఆయనే కొన్ని వారాలు ఆపి చూస్తారు. సీపీకే మామూలు పరిమితికి పది రెట్లు దాటితే మాత్రం అదే రోజు డాక్టరుకు తెలియాలి.

నరాల పరీక్షలు, అంటే ఎన్‌సీఎస్ (నరంలో సంకేతం ఎలా వెళ్తోందో చూసేది), ఈఎంజీ (కండరంలోని విద్యుత్ సంకేతాలు చూసేది), కుడి తొడ కోసం అడగండి. కుడి, ఎడమ పోల్చి చేయమని చీటీలో రాయించండి. బలహీనత మొదలై మూడు వారాలు కాకముందే చేస్తే ఈఎంజీలో తేడా కనిపించకపోవచ్చు. మీ విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటినట్టే ఉంది.

మూత్రం ఆగిపోవడం, మలమూత్ర ద్వారాల చుట్టూ మొద్దుబారడం, పాదం వేలాడటం, రోజురోజుకూ బలం పడిపోవడం, మింగడం లేదా ఊపిరి కష్టమవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ థ్రెడ్ చదువుతూ కూర్చోవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

---

జవాబు 2: బోరునీళ్లు

పై జవాబుకు ఒకటి కలుపుతాను. ఆవిడ పుట్టి పెరిగిన ఊరేదో, ఏ నీళ్లు తాగారో చెప్పండి. నల్గొండ జిల్లాలో మర్రిగూడ వైపు, ప్రకాశంలో పొదిలి, దర్శి వైపు దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగినవాళ్లలో నడుము బిగుసుకుపోవడం, కీళ్ల నొప్పులు, ఎముక పెరిగి వెన్నుపామును నొక్కడం వల్ల కాళ్ల బలహీనత ఉంటాయి. మన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును మొదట గుర్తించింది కూడా ప్రకాశం ప్రాంతంలోనే, 1937లో. తాగే నీటిలో లీటరుకు 1 ఎంజీ లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు అనుమతిస్తారు. ఇప్పుడు నది నీళ్లు వస్తున్నా, చిన్నప్పుడు ఎముకలో చేరింది అక్కడే ఉంటుంది. ముంజేయి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే అనుమానం బలపడుతుంది. సుత్తితో కొట్టినప్పుడు నరం దెబ్బతిన్న కాలు ఎగరదు, వెన్నుపాము నొక్కుకున్న కాలు మరీ ఎక్కువగా ఎగురుతుంది. ఆ రెండింటికీ తేడా చెప్పేది అదే.

---

జవాబు 3: ఫిజియో గుంటూరు

ముందు టేపు సంగతి. మీరు 15 సెం.మీ. ఎత్తు పాటించడం బాగుంది. కొలిచేటప్పుడు మనిషి వెల్లకిలా పడుకుని కాలు చాపి, కండ వదులుగా ఉంచాలి. పెన్నుతో గుర్తు పెట్టి, టేపు చర్మాన్ని నొక్కకుండా మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. 1 సెం.మీ. లోపు తేడాకు విలువ ఇవ్వకండి. వాటం కాలు మామూలుగానే కాస్త లావుగా ఉంటుంది. ప్రీగాబాలిన్ వల్ల కొందరికి కాళ్లకు నీరు పడుతుంది, అప్పుడు పిక్క కొలత ఎక్కువ చూపించి కండ తగ్గుదలను దాచేస్తుంది. ముంగాలి ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కితే గుంట పడుతోందేమో చూసి ఆ తర్వాతే కొలవండి. తొడలో కొవ్వు కూడా ఇలాగే మోసం చేస్తుంది. అందుకే కుర్చీ పరీక్షను ఎక్కువ నమ్ముతాను. 2019లో ఆసియా దేశాల నిపుణులు ఖరారు చేసిన ప్రమాణం ప్రకారం 5 సార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే కాళ్ల పనితీరు తగ్గినట్టు. పిక్క చుట్టుకొలత ఆడవాళ్లకు 33, మగవాళ్లకు 34 సెం.మీ. కంటే తక్కువైతే కండ తగ్గిందేమోనని అనుమానించాలి. 19 సెకన్లంటే పని మొదలుపెట్టాల్సిందే.

వ్యాయామం చేస్తే ఫైబ్రోమయాల్జియా ముదురుతుందన్న భయం అక్కర్లేదు. యూరప్ రుమటాలజీ సంఘం సిఫార్సుల్లో గట్టిగా చేయమని చెప్పింది వ్యాయామం ఒక్కటే, మందులకు కూడా అంత బలం ఇవ్వలేదు. 2015లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో ఈ జబ్బున్న 130 మంది ఆడవాళ్లలో సగం మందికి పైగా వారానికి రెండుసార్లు, 15 వారాల పాటు బరువుల వ్యాయామం చేశారు. మోయగలిగిన గరిష్ఠ బరువులో 40 శాతంతో మొదలుపెట్టి క్రమంగా పెంచారు. తొడ బలం పెరిగింది, నొప్పి తగ్గింది. కిటుకంతా ఎంత తక్కువతో మొదలుపెట్టామన్నదాంట్లోనే ఉంది.

మొదటి రెండు వారాలు నాలుగే పనులు, రోజు విడిచి రోజు.

కుర్చీలోంచి లేవడం. భోజనాల బల్ల కుర్చీ మీద మందపాటి బొంత రెండు మడతలు వేసి ఎత్తు పెంచండి. శ్రమను పదికి కొలిస్తే నాలుగైదు అనిపించే ఎత్తు కావాలి. పాదాలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి లాగి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి లేవాలి. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా. ధబ్‌మని కూలబడితే సగం వ్యాయామం పోయినట్టే. 5 సార్లు, రెండు నిమిషాలు ఆగి ఇంకో 5. ఎక్కువమంది చేసే తప్పు పాదాలు ముందుకు పెట్టడం. అలా చేస్తే వెనక్కి పడిపోతారు, చేతులతో తోసుకుంటారు, తొడకు పని తగలదు. మోకాళ్లు లోపలికి వాలిపోతుంటే రెండింటి మధ్య చిన్న దిండు పెట్టండి.

మడమలు లేపడం. వంటగట్టు పట్టుకుని 8 సార్లు.

కుర్చీలో కూర్చుని మోకాలు చాపడం. బరువు లేకుండా 8 సార్లు, పైన మూడు సెకన్లు నిలపాలి. కుడి కాలితో మొదలుపెట్టండి. అది సులువయ్యాక అర కిలో బియ్యం గుడ్డసంచిలో పోసి చీలమండకు కట్టండి. మోకాలి చిప్ప కింద పోటు వస్తే పూర్తిగా చాపకుండా ముప్పావు వరకు ఆపండి.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు లేపడం, 6 సార్లు. నడుము పట్టేస్తుంటే ఎత్తు తగ్గించండి.

మిగతా రోజుల్లో 10 నిమిషాల నడక రెండు పూటలు. ఒకేసారి అరగంట వద్దు.

పెంచేటప్పుడు ఒక్కటే మార్చాలి: సంఖ్యో, బరువో, కుర్చీ ఎత్తో. అదీ పది రోజులకోసారి. మామూలు నొప్పికి మించి పెరిగిన నొప్పి 24 గంటల్లో తగ్గితే అదే మోతాదు కొనసాగించండి. మర్నాటికీ తగ్గకపోతే నాలుగో వంతు తగ్గించండి, ఆపొద్దు. ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. వయసు మళ్లినవాళ్లు పది రోజులు మంచాన ఉంటే కాళ్లలోనే కిలో దాకా కండ పోవచ్చు.

ఈ జబ్బులో అసలు దెబ్బ తగిలేది బాగున్న రోజున. ఒళ్లు తేలిగ్గా ఉందని ఆ పూటే ఇల్లంతా తుడిచి, దుప్పట్లు ఉతికి, ఆ తర్వాత మూడు రోజులు పడుకుంటారు. బాగున్న రోజున కూడా రాసుకున్న అంకె దగ్గరే ఆగాలి, బాగాలేని రోజున సగమైనా చేయాలి. ఇంట్లోవాళ్లు గట్టిగా పట్టుకోవాల్సింది ఈ ఒక్కదాన్నే.

పొద్దున్న లేవగానే ఒళ్లు బిగుసుకుని ఉంటుంది. వేడినీళ్ల స్నానం చేసి, టిఫిన్ తిన్న గంటకు చేయిస్తే మేలు. షుగర్‌కు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో ఉంటే పరగడుపున అసలు వద్దు. పాదాల స్పర్శ తగ్గి ఉంటే చెప్పుల్లేకుండా చేయొద్దు.

మొదటి ఐదారు వారాల్లో బలం పెరిగేది నరాలు కండను బాగా వాడుకోవడం నేర్చుకోవడం వల్ల. టేపులో తేడా రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వారంవారం కొలిచి నిరుత్సాహపడకండి. నెలకోసారి కుర్చీ పరీక్ష చాలు.

---

జవాబు 4: పప్పు లెక్క

తిండి విషయానికి వస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. వయసు మీద పడి కండ తగ్గుతున్నవాళ్లకు 1 నుంచి 1.2 గ్రాములు మేలు. 60 కిలోలకు 60 నుంచి 72 గ్రాములు. క్రియాటినిన్ చూపించాకే ఇంత పెంచండి, కిడ్నీ దెబ్బతిని ఉంటే లెక్క మారుతుంది.

మన ఇళ్లలో లోటు ఎక్కడంటే, పప్పు గిన్నెలో ఎక్కువ నీళ్లే. మనిషికి 30 గ్రాముల కందిపప్పు పడితే ప్రొటీన్ 6, 7 గ్రాములే. మూడు ఇడ్లీలు, కాఫీ, మధ్యాహ్నం అన్నం పులుసు పెరుగు, రాత్రి రెండు పుల్కాలు, ఇలా తింటే నలభై గ్రాములు దాటడం కష్టం. దాంట్లోనూ ఎక్కువ భాగం మధ్యాహ్నం పూటే పడుతుంది, పొద్దుటి పూట ఖాళీ. కండకు పూటపూటకీ 20 గ్రాములకు తగ్గకుండా అందాలి.

పొద్దున్న 60 గ్రాముల పెసలతో పెసరట్లు వేస్తే 14 గ్రాములు, పక్కన ఒక గుడ్డు 6. మధ్యాహ్నం పప్పు 40 గ్రాములకు పెంచి, 150 గ్రాముల గట్టి పెరుగు, లేదా 100 గ్రాముల చేప. చేపలో 18 గ్రాముల దాకా ఉంటుంది. సాయంత్రం బిస్కెట్ల బదులు 30 గ్రాముల వేయించిన పల్లీలు, 7. రాత్రి 25 గ్రాముల మీల్‌మేకర్ కూర 13, పాలు 250 ఎంఎల్ 8. శాకాహారులకు మీల్‌మేకర్ చవకైన దారి. షుగర్ ఉంది కాబట్టి ఇవి చేర్చినంత మేర అన్నం తగ్గించండి.

వైటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్ వారానికోటి చొప్పున సాధారణంగా 8 వారాలు ఇస్తారు. గడువు అయ్యాక కూడా చీటీ లేకుండా నెలల తరబడి కొనుక్కుని వేసుకునేవాళ్లున్నారు. కాల్షియం పెరిగితే మలబద్ధకం, దాహం, మళ్లీ అదే కండరాల బలహీనత.

---

తెనాలి కోడలు

అందరికీ కృతజ్ఞతలు. అడిగినవాటికి జవాబులు: పుట్టింది, పెరిగింది కృష్ణా కాలువ నీళ్ల మీదే. తొడలో ఒక్కసారిగా వచ్చిన తీవ్రమైన నొప్పి లేదు, బరువు తగ్గలేదు. చెప్పులు జారడం లేదు. కుడి మోకాలు మాత్రం ఏడాదిగా వాస్తోంది. ఆ మోకాలి కోసం ఐదు నెలలుగా పేరు లేని పొట్లాల్లో ఇచ్చే పొడి వాడుతున్నారు, మూలికలు అన్నారు. వేసుకున్న వారంలోనే నొప్పి తగ్గిందట. తిండి మార్చకపోయినా ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చింది, ముఖం కాస్త నిండుగా కనిపిస్తోంది. పొడి ఆపేయమంటారా? పరీక్షలయ్యేదాకా వ్యాయామం ఆపాలా?

---

నాడీకండరం

అసలు విషయం ఇప్పుడు బయటపడిందండీ. వారంలో తగ్గిన నొప్పి, పెరిగిన షుగర్, నిండిన ముఖం, సన్నబడిన తొడలు. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చని గట్టిగా అనుమానించాలి. స్టెరాయిడ్ తొడ, తుంటి కండనే ముందు కరిగిస్తుంది. దాంట్లో సీపీకే మామూలుగానే వస్తుంది కాబట్టి ఆ రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకండి.

దయచేసి ఒక్కసారిగా ఆపకండి. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందితే ఒంట్లోని అడ్రినల్ గ్రంథులు తమ పని మానేస్తాయి. ఠక్కున ఆపితే వాంతులు, బీపీ, షుగర్ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది, ప్రాణం మీదికి రావచ్చు. మిగిలిన పొట్లాలన్నీ తీసుకుని ఈ ఒకటి రెండు రోజుల్లోనే ఫిజీషియన్‌ దగ్గరికో, ఎండోక్రైనాలజిస్టు దగ్గరికో వెళ్లండి. రోజుకు ఎన్ని, ఎప్పటి నుంచి అన్నది కాగితం మీద రాసుకెళ్లండి. ఉదయం 8 గంటలకు కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథులు తయారుచేసే హార్మోన్) చూసి, తెలిసిన మోతాదులో మాత్ర ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. ఈలోగా జ్వరమో, వాంతులో వస్తే ఎమర్జెన్సీలో ఈ పొడి సంగతి మొదటి మాటగా చెప్పండి.

కుడి తొడ ఎక్కువ తగ్గడానికి ఆ వాచే మోకాలే సరిపోవచ్చు, కానీ మోకాలి ఎక్స్‌రే, సుత్తి పరీక్ష అయ్యాకే ఆ మాట అనాలి. సుత్తికి కాలు ఎగరకపోతే నేను చెప్పిన నరాల పరీక్షలు చేయించాల్సిందే.

---

ఫిజియో గుంటూరు

వ్యాయామం ఆపక్కర్లేదు. స్టెరాయిడ్ వల్ల తగ్గిన కండకు కూడా మందు అదే. రెండు మార్పులు చేయండి. ఎముకలు పలచబడి ఉండొచ్చు కాబట్టి ముందుకు వంగి బరువులెత్తడం, నడుము మెలితిప్పడం వద్దు. వీపులో కొత్తగా ఒకేచోట పోటు వస్తే ఆపి ఎక్స్‌రే తీయించండి. కుడి మోకాలు వాచి వేడిగా ఉన్న రోజున కుర్చీ వ్యాయామం మాని, కాలు చాపి మోకాలి కింద చుట్టిన తువ్వాలును కిందికి నొక్కుతూ 5 సెకన్లు బిగించడం, 10 సార్లు. కండ బిగుసుకుంటోందో లేదో మీ అరచేయి ఆవిడ తొడ మీద, చిప్పకు పైన లోపలి వైపు పెట్టి చూడండి. అక్కడ మెత్తగానే ఉంటే నొక్కడం తుంటితో జరుగుతోందన్నమాట. కాలివేళ్లు తన వైపు లాక్కుని మళ్లీ చేయమనండి.